హెడ్‌లైట్ ఫ్యూజ్ మాటిమాటికీ పోతోంది, అసలు 10 యాంపియర్లది ఉండాలా 20ది ఉండాలా?

చెరువుగట్టు (మొగల్తూరు వైపు)

అందరికీ నమస్కారమండీ. కారు హెడ్‌లైట్ల సంగతి తెలిసినవాళ్ళు కాస్త చెప్పాలి. మాది సెకండ్‌హ్యాండ్‌లో కొన్న పాత డీజిల్ చిన్నకారు. మాకు రొయ్యల చెరువులున్నాయి. తెల్లవారుజామున రెండు మూడు గంటలకి నీళ్ళలో ఆక్సిజన్ పడిపోయే టైములో ఏరేటర్లు తిరుగుతున్నాయో లేదో చూసుకోవాలి కదా, ఆ వేళప్పుడు వెళ్ళక తప్పదు. దారంతా ఒక పక్క కాలువ, ఇంకో పక్క చెరువు, మధ్యలో ఒక్క బండి పట్టే గట్టు. అక్కడ లైటు ఆరిపోతే ఎంత ప్రమాదమో మన వైపు వాళ్ళకి నేను చెప్పక్కర్లేదు.

సమస్య ఇదీ. కుడి వైపు హెడ్‌లైట్ ఫ్యూజ్ మాటిమాటికీ పోతోంది. కొత్తది వేస్తే కొన్నాళ్ళు బాగానే ఉంటుంది, తర్వాత ఒకరోజు బ్రైట్ వేసుకుని కాస్త దూరం పోయాక ఉన్నట్టుండి ఆరిపోతుంది. ఎడమ వైపు ఫ్యూజ్ బాగానే ఉంది కానీ అటు డిమ్ రాదు, బ్రైట్ ఒక్కటే వెలుగుతుంది. అంటే కుడి ఫ్యూజ్ పోయిందంటే నాకు ఇక డిమ్ అన్నదే లేదు. ఎదురుగా ఎవరైనా వస్తే వాళ్ళ కళ్ళలో బ్రైట్ కొట్టాలి, లేదంటే పార్కింగ్ లైట్లు వేసుకుని పక్కకి ఆగాలి.

మొన్న ఒక షాపులో చూపిస్తే ఆయన ఎర్రది 10 తీసేసి పసుపుది 20 పెట్టి, ఇక పోదు పొమ్మన్నాడు. నిజంగానే పోలేదు. కానీ ఇప్పుడు బ్రైట్ వేసి నడుపుతుంటే ప్లాస్టిక్ కాలిన వాసన వస్తోంది. బానెట్ ఎత్తి చూస్తే కుడి బల్బు వెనకాల కప్లర్ (బల్బుకి వైర్లు తగిలించే సాకెట్టు) ముట్టుకోలేనంత వేడిగా ఉంది. ఫ్యూజ్ బాక్సు మూత మీద స్టిక్కరు వెలిసిపోయింది, మాన్యువల్ పాత ఓనరు ఇవ్వలేదు. అసలు ఎంత వేయాలి? ఈ గోలంతా లేకుండా రెండు వైపులా ఎల్ఈడీ పెట్టించేస్తే సరిపోతుందా?

గౌతమి ఒడ్డు (యానాం దగ్గర)

ఆ 20 ఇవాళే తీసేయండి. మిగతా పనులు తర్వాత చూసుకోవచ్చు, ముందు ఆ పసుపు ఫ్యూజ్ బయటికి రావాలి.

ఫ్యూజ్ పెట్టేది వైరు కాలిపోకుండా. కుడి లైటుకి వెళ్ళే ఆ సన్న వైరు ఎంత కరెంటు మోస్తుందో లెక్క చూసుకునే కంపెనీ వాళ్ళు 10 పెడతారు. అక్కడ 20 పెడితే వైరు తొడుగు కరుగుతున్నా ఫ్యూజ్ కదలదు. మీకొస్తున్న వాసన అదే. బానెట్ కింద మంట లేస్తే ఆర్పడానికి టైము ఉండదు, అందులోనూ చుట్టుపక్కల ఎవరూ ఉండని గట్టు మీద. మా ఊళ్ళో ఒకాయన పోయిన ఫ్యూజ్ కాళ్ళకి రాగి తీగ చుట్టించుకుని తిరిగాడు. డాష్‌బోర్డు కింద వైర్లన్నీ ఒకదానికొకటి అంటుకుని ముద్దయిపోయాయి, మొత్తం వైరింగ్ మార్చాల్సి వచ్చింది. దయచేసి రిస్కు తీసుకోవద్దండీ. కారణం దొరికేదాకా రాత్రిపూట వేరే బండి వాడుకోండి.

వైరింగ్ పని (పాలకొల్లు)

పైన చెప్పింది అక్షరాలా నిజం. నేను చేసేది ఆటో ఎలక్ట్రికల్ పనే కాబట్టి కాస్త వివరంగా రాస్తాను, ఓపిగ్గా చదవండి.

ముందు ఫ్యూజ్ సంగతి. రెండు కాళ్ళ ప్లాస్టిక్ ఫ్యూజులకి రంగులు దాదాపు అన్ని కంపెనీల బళ్ళలోనూ ఒకటే. లేత గోధుమ రంగు 5, ముదురు గోధుమ 7.5, ఎరుపు 10, నీలం 15, పసుపు 20, రంగు లేకుండా తెల్లగా ఉండేది 25, ఆకుపచ్చ 30. నెత్తి మీద అంకె కూడా ఉంటుంది, మురికి పట్టి ఉంటే తుడిచి చూసుకోండి. షాపుకి వెళ్ళి ఉత్తినే పది ఫ్యూజ్ ఇవ్వమంటే సరిపోదు, సైజు కూడా చెప్పాలి. మామూలు సైజుది 19 మిల్లీమీటర్ల వెడల్పు ఉంటుంది, మినీ అనేది సుమారు 11. మినీలోనే పొట్టి రకం ఇంకోటి ఉంది, దాని కాళ్ళు ప్లాస్టిక్ కిందికి దాదాపు కనపడనే కనపడవు. పొట్టిది పెట్టాల్సిన చోట మామూలు మినీ తోస్తే ఒక్కోసారి మూత పడదు, పొడుగుదాని చోట పొట్టిది పెడితే కాంటాక్టు సరిగా పట్టదు. పాత ఫ్యూజ్ పట్టుకెళ్ళి పక్కన పెట్టి చూసి కొనుక్కోవడమే మంచిది. ఇంకో సంగతి, ఊరూ పేరూ లేని చవక ఫ్యూజులు కొన్ని అంకె 10 అని ఉన్నా 20 దాటినా తెగవు, అందుకని పేరున్న కంపెనీవే కొనండి. ఐదు పది రూపాయల తేడా కోసం చూసుకోవద్దు.

ఇక స్టిక్కరు వెలిసిపోయిందన్నారు. చాలా కార్లకి మాన్యువల్ కంపెనీ వెబ్‌సైటులో దొరుకుతుంది, మీ మోడలు, సంవత్సరం చూసి దించుకోండి. ఫ్యూజ్ బాక్సులు రెండుంటాయి, ఒకటి బానెట్ కింద బ్యాటరీ పక్కన, రెండోది డాష్‌బోర్డు కింద. హెడ్‌లైటు ఫ్యూజ్ ఎందులో ఉందన్నది మోడల్ని బట్టి ఉంటుంది. మీ బండిలో కుడికీ ఎడమకీ వేరు వేరు ఫ్యూజులున్నాయి కాబట్టి లెక్క తేలిక. హెచ్4 బల్బు, అంటే డిమ్, బ్రైట్ ఫిలమెంట్లు రెండూ ఒకదానిలోనే ఉండే హాలోజన్ బల్బు, కంపెనీ నుంచి వచ్చేది 60/55 వాట్లు, అంటే బ్రైట్ 60, డిమ్ 55. పన్నెండు వోల్టుల దగ్గర 60 వాట్లంటే 5 యాంపియర్లు. ఇంజన్ నడుస్తున్నప్పుడు వోల్టేజి 13.5 పైనే ఉంటుంది కాబట్టి ఇంకో అర యాంపియర్ వేసుకోండి. ఫ్యూజ్ మీద రాసిన అంకెలో ముప్పావు వంతుకి మించి ఎప్పుడూ లోడ్ ఉండకూడదని మా పనిలో లెక్క. అంటే 10 ఫ్యూజ్ మీద 7.5 దాకా పర్వాలేదు, మీ బల్బు తినేది ఐదున్నర. కాబట్టి ఒక్కో వైపుకి ఎర్రది 10 సరైనదే. రెండు వైపులకీ కలిపి ఒకటే ఫ్యూజ్ ఉన్న బళ్ళలో 15 గానీ 20 గానీ చూస్తాం, అది వేరే సంగతి, దాన్ని చూసి ఇక్కడ పెట్టేయకూడదు.

మరి ఐదున్నర తినే బల్బుకి 10 ఫ్యూజ్ ఎందుకు పోతోంది? నాకు ఒక అనుమానం ఉంది. ఇంజన్, లైట్లు ఆపేసి, చల్లారనిచ్చి కుడి బల్బు బయటికి తీయండి. గాజుని వేళ్ళతో ముట్టుకోవద్దు, చేతి జిడ్డు అంటితే ఆ చోట వేడెక్కి బల్బు తొందరగా పోతుంది. కింద లోహపు కాలరు మీద వాట్లు ఎంతని ఉందో చూసి ఇక్కడ రాయండి. అలాగే పోయిన ఫ్యూజులు దాచి ఉంచితే వాటిని వెలుతురుకి అడ్డం పెట్టి చూడండి. లోపల నల్లగా పొగచూరి, లోహం చిమ్మినట్టు చుక్కలుంటే షార్టు. తీగ మధ్యలో మెల్లగా కరిగి తెగినట్టుండి, ప్లాస్టిక్ కాస్త వంకర పోయి ఉంటే ఓవర్‌లోడో, ఫ్యూజ్ కూర్చునే చోట లూజు వల్ల పుట్టిన వేడో. అది చూస్తే సగం పని అయిపోయినట్టే.

చెరువుగట్టు

చాలా థాంక్సండీ. పసుపుది నిన్న సాయంత్రమే తీసేశాను. బల్బు తీసి చూశాను, కాలరు మీద 12వి 100/90 అని ఉంది! ఎడమ వైపుది చూస్తే 60/55. కుడి బల్బు పోయినప్పుడు ఒక షాపులో మార్పించాం, వెలుగు బాగుంటుందని చెప్పి వేసింది ఇదే అనుకుంటా. ఫ్యూజులు రెండు దొరికాయి, లోపల నలుపు లేదు, తీగ మధ్యలో తెగి ఉంది, ఒకదాని ప్లాస్టిక్ కాస్త సాగినట్టుంది. కప్లర్ లోపల ఒక మూల గోధుమ రంగుకి తిరిగి పెళుసుగా అయిపోయింది, గోరు పెడితే పొడి రాలుతోంది.

వైరింగ్ పని (పాలకొల్లు)

అనుకున్నదే. 100 వాట్లంటే 8.3 యాంపియర్లు, ఇంజన్ నడుస్తుంటే దాదాపు 9. అదీ బానెట్ కింద వేడిలో, పాత ఫ్యూజ్ బాక్సులో. పది మీద తొమ్మిది లోడు నడిపితే వెంటనే తెగదు, కొన్నాళ్ళు ఓర్చుకుని ఒకరోజు తెగుతుంది. అందుకే మీకు బ్రైట్ వేసి కాస్త దూరం పోయాకే పోయేది. కొన్ని బళ్ళలో డిమ్ వెలుగుతుండగా పాస్ లైటు కొడితే రెండు ఫిలమెంట్లూ ఒకేసారి వెలుగుతాయి, అప్పుడు ఆ క్షణంలో ఇంకా ఎక్కువ లాగుతుంది. ఫ్యూజ్ తన పని తాను సరిగ్గానే చేసింది.

ఇప్పుడు చేయాల్సింది: కుడి వైపు 60/55 బల్బు, కొత్త కప్లర్, ఎర్ర 10 ఫ్యూజ్. కప్లర్ మార్చడం మర్చిపోవద్దు. ఒకసారి వేడికి గోధుమ రంగు తిరిగిన కప్లర్‌లో లోపలి పిన్నుల బిగువు పోతుంది, లూజు పిన్ను దగ్గర మళ్ళీ వేడి పుడుతుంది, మామూలు బల్బు వేసినా కొన్నాళ్ళకి అదే కథ. హెచ్4కి పింగాణీ కప్లర్లు దొరుకుతాయి, అవి వేడికి ఆగుతాయి, మన వైపు బండికి అదే వేయించండి. కప్లర్ వెనకాల వైరుని నాలుగు వేళ్ళ పొడవు తొడుగు వలిచి చూడమనండి. రాగి నల్లబడి ఉంటే మెరిసే రాగి కనపడేదాకా కోసేసి, టంకం పెట్టో సరైన క్రింపుతోనో కలిపి, పైన వేడికి ముడుచుకునే స్లీవ్ తొడగాలి. ఉత్తినే మెలిపెట్టి నల్ల టేపు చుడితే మీ ఉప్పుగాలికి ఒక వానాకాలం కూడా నిలవదు.

బల్బు కూర్చోబెట్టేటప్పుడు కాలరుకి మూడు చెవులుంటాయి, ఒక్క పద్ధతిలోనే కూర్చుంటుంది. కూర్చోకపోతే బలవంతంగా తోయవద్దు. సరిగా కూర్చోని బల్బు డిమ్ కూడా ఎదుటివాడి కళ్ళలోకే కొడుతుంది. వెనక రబ్బరు తొడుగు చిరిగి ఉంటే అది కూడా మార్చండి, దానిలోంచే తేమ లోపలికి పోయి అద్దానికి ఆవిరి పడుతుంది, రిఫ్లెక్టరు మసకబారుతుంది.

ఎడమ డిమ్ సంగతి. ఫ్యూజ్ బాగుంది, బ్రైట్ వస్తోంది అంటే ఆ వైపు కరెంటు, ఎర్త్ (కరెంటు బాడీ మీదుగా బ్యాటరీ మైనస్‌కి తిరిగి వెళ్ళే దారి) రెండూ వస్తున్నట్టే. ఎర్త్ పోతే డిమ్మూ బ్రైటూ రెండూ పోతాయి, లేదా రెండూ మసకగా వస్తాయి. కుడి వైపు డిమ్ వచ్చేది కాబట్టి స్టీరింగ్ దగ్గర స్విచ్చి కూడా బాగున్నట్టే. ఇక మిగిలింది బల్బులో డిమ్ ఫిలమెంటు, లేదా కప్లర్‌లో డిమ్ పిన్ను. కుడికి తెచ్చిన కొత్త 60/55 ముందు ఎడమకి వేసి చూడండి. డిమ్ వచ్చిందా, ఫిలమెంటు పోయినట్టు. రాలేదా, కప్లర్ విప్పి టార్చి వేసి లోపల చూడండి.

కాకినాడ మీటరు

ఒక్కమాట కలుపుతున్నాను. కప్లర్‌లో కరెంటు వస్తుందో లేదో చూసేటప్పుడు ఒక చిక్కుంది. కొన్ని జపాన్ డిజైన్ బళ్ళలో డిమ్-బ్రైట్ స్విచ్చి ప్లస్ వైపు ఉండదు, ఎర్త్ వైపు ఉంటుంది. మధ్య కామన్ పిన్నుకే ఫ్యూజ్ నుంచి 12 వోల్టులు వస్తాయి, డిమ్ వేస్తే డిమ్ పిన్ను ఎర్త్ అవుతుంది. అలాంటి బండిలో టెస్ట్‌లాంప్ (కరెంటు ఉందో లేదో చూసే చిన్న బల్బు) క్లిప్పు బాడీకి పెట్టి డిమ్ పిన్ను దగ్గర చూస్తే ఏమీ వెలగదు, వైరింగే పోయిందని హడావుడి పడి మొత్తం విప్పేస్తారు. క్లిప్పు బ్యాటరీ ప్లస్‌కి మార్చి మళ్ళీ చూడండి, వెలుగుతుంది.

ఇంకోటి, మీటరు ఒక్కదాన్నే నమ్మవద్దు. బల్బు తీసేసి కప్లర్‌లో మీటరు పెడితే చిలుము పట్టిన పిన్నులో కూడా 12 చూపిస్తుంది, ఎందుకంటే మీటరు కరెంటు లాగదు. బల్బు తగిలించి, వెలుగుతుండగా, కప్లర్ వెనక నుంచి పిన్ను గుచ్చి చూడాలి. బ్యాటరీ ప్లస్‌కీ బల్బు ప్లస్‌కీ మధ్య అర వోల్టు కన్నా ఎక్కువ పోతుంటే దారిలో ఎక్కడో కాంటాక్టు బాలేదు. బల్బు ఎర్త్‌కీ బ్యాటరీ మైనస్‌కీ మధ్య అయితే 0.2 కన్నా తక్కువే ఉండాలి. ఇదంతా ఎందుకంటారా, హాలోజన్ బల్బుకి వోల్టేజి పదో వంతు తగ్గితే వెలుగు మూడో వంతు దాకా పోతుంది. మన వైపు చాలామంది వెలుగు చాలట్లేదని 100 వాట్లు వేయించుకునే బళ్ళలో అసలు లోపం అక్కడే ఉంటుంది. ఉన్న 60 వాట్లకి పూర్తి వోల్టేజి ఇస్తే చాలు, ఆ బల్బుతోనే రోడ్డు బాగా కనపడుతుంది.

లంక కొబ్బరి (అమలాపురం దగ్గర)

మంచి చర్చ నడుస్తోంది, నాది కూడా అడిగేస్తాను. 2022 జూలై వరదలో మా బండి ముందు చక్రాలు మునిగేదాకా నీళ్ళు వచ్చాయి. అప్పట్లో సర్వీసు చేయించాం, బాగానే నడిచింది. ఈమధ్య హెడ్‌లైటు స్విచ్చి వేయగానే ఎడమ ఫ్యూజ్ టప్పుమని పోతోంది. బల్బు కంపెనీదే. కొత్త ఫ్యూజ్ పెట్టడం, పోవడం. లోపల పైన అన్నట్టే నల్లగా ఉంది. బండి కొబ్బరి డొక్కల షెడ్డు పక్కన పెడతాం. ఫ్యూజుల డబ్బా ఖాళీ అయ్యేలా ఉంది, ఎక్కడని వెతకాలి?

కాకినాడ మీటరు

స్విచ్చి వేయగానే, అదీ లోపల నల్లగా, అంటే షార్టేనండీ. ఫ్యూజులు తగలేయకుండా వెతికే పద్ధతి ఒకటుంది. ఇండికేటరుకి వాడే 21 వాట్ల బల్బు, దానికో హోల్డరు, రెండు వైర్లు. పోయిన ఫ్యూజ్ రెండు కాళ్ళకీ ఆ రెండు వైర్లూ టంకం పెట్టి ఫ్యూజ్ చోట్లో గుచ్చండి. అంటే ఫ్యూజ్‌కి బదులు బల్బు ఉన్నట్టు. ఇప్పుడు షార్టున్నా ఏమీ కాలదు, బల్బు గట్టిగా వెలుగుతుంది, అంతే.

కాకపోతే ముందు ఆ వైపు హెడ్‌లైటు కప్లర్ ఊడదీయాలి, ఇది మాత్రం ముఖ్యం. హెడ్‌లైటు ఫిలమెంటు చల్లగా ఉన్నప్పుడు దాని రెసిస్టెన్సు చాలా తక్కువ, అది తగిలించి ఉంటే షార్టు లేకపోయినా మీ 21 వాట్ల బల్బు బాగానే వెలుగుతుంది, చూసి తికమక పడతారు. కప్లర్ ఊడదీశాక కూడా వెలుగుతుంటే షార్టు వైరింగులోనే. అప్పుడు ఒకరు బల్బు చూస్తూ ఉండాలి, ఇంకొకరు వైరింగు వెంబడి చెయ్యి వేసి కొద్దికొద్దిగా కదుపుతూ రావాలి. ఎక్కడ కదిపితే బల్బు ఆరిపోతుందో అక్కడ తొడుగు విప్పండి.

కొబ్బరి డొక్కల పక్కన పెడతామన్నారు కాబట్టి నా అనుమానం ఎలుకల మీద. బ్యాటరీ ట్రే వెనక, హెడ్‌లైటు వెనకాల మూల, ఈ రెండు చోట్లా పీచు గానీ పెంటికలు గానీ ఉన్నాయేమో ముందు చూడండి. వరద నీళ్ళు తగిలిన బండి కాబట్టి ఫ్యూజ్ బాక్సు కిందివైపు కూడా తిప్పి చూడాలి, పైకి బాగానే కనపడుతుంది కానీ ఒండ్రు, తేమ అడుగున పట్టి ఉంటాయి. బ్యాటరీ మైనస్ ఊడదీశాకే బాక్సు కదపండి.

లంక కొబ్బరి (అమలాపురం దగ్గర)

దొరికిందండీ బాబూ! బ్యాటరీ ట్రే వెనకాలే. ట్రే తీయగానే కొబ్బరి పీచుతో గూడు, దాని కింద రెండు వైర్లు తొడుగు మొత్తం కొరికేసి రాగి తేలి బాడీకి ఆనుకుని ఉన్నాయి. మీరు చెప్పినట్టు బల్బు పెట్టి మా అబ్బాయిని చూడమని నేను వైర్లు కదుపుతూ వస్తే ఆ మూల దగ్గరికి రాగానే ఆరిపోయింది. ఆయ్, ఎంత తేలిగ్గా దొరికిందో. వైర్లు మార్పించేసి, గొట్టం తొడిగించాను. షెడ్డు దగ్గర నుంచి బండి కూడా మార్చేశాం.

గౌతమి ఒడ్డు (యానాం దగ్గర)

చెరువుగట్టు గారూ, మీ ఎల్ఈడీ ప్రశ్నకి ఎవరూ జవాబివ్వలేదు. హాలోజన్ బల్బు కోసం చేసిన రిఫ్లెక్టరులో ఎల్ఈడీ బల్బు దూరిస్తే వెలుగు పుట్టే చోటు మారిపోతుంది, డిమ్ వెలుగు ఆగాల్సిన పై గీత చెదిరిపోయి పైకి కొడుతుంది. 216 హైవే మీద చించినాడ బ్రిడ్జి దిగేటప్పుడు ఎదురుగా అలాంటి బండి వస్తే కళ్ళు బైర్లు కమ్మి రోడ్డు అంచు కనపడదు. ధనుర్మాసంలో మంచు పట్టినప్పుడైతే ఆ తెల్లటి వెలుగు మంచు మీదే పడి వెనక్కి వస్తుంది. నీలం రంగు పూసిన హాలోజన్లు కూడా అంతే, చూడ్డానికి తెల్లగా ఉంటాయి గానీ పూత వల్ల రోడ్డు మీద పడే వెలుగు తగ్గుతుంది. పైగా మీ సమస్య కప్లర్‌లో ఉంటే ఎల్ఈడీ పెట్టినా అదే కప్లర్‌కి తగిలించాలి కదా.

మామూలు 60/55 పెట్టి చూసి, ఇంకా చాలలేదనిపిస్తే రిలే కిట్టు వేయించుకోండి. బ్యాటరీ నుంచి నేరుగా లావు వైరు, దానికి బ్యాటరీ పక్కనే ఫ్యూజ్, రెండు రిలేలు (చిన్న కరెంటుతో పెద్ద కరెంటుని కలిపే స్విచ్చిలు). పాత వైరు రిలేని లేపడానికి మాత్రమే పనికొస్తుంది, బల్బుకి వెళ్ళే కరెంటు కొత్త వైరులో పోతుంది. స్విచ్చి మీద భారం తగ్గుతుంది, బల్బుకి పూర్తి వోల్టేజి అందుతుంది. అయితే ఎర్త్ వైపు స్విచ్చి ఉన్న బండికి కిట్టు కలపడం వేరేగా ఉంటుంది, అది తెలిసినవాళ్ళ చేతే చేయించండి.

చెరువుగట్టు

ఆలస్యంగా రాస్తున్నాను, చెరువు పట్టుబడి హడావుడిలో ఉన్నాం. పని అయిపోయిందండీ.

కొత్త 60/55 ముందు ఎడమకి వేస్తే డిమ్ రాలేదు. కప్లర్ ఊడదీసి టార్చి వేసి చూస్తే మూడు పిన్నుల్లో రెండు బాగానే మెరుస్తున్నాయి, మూడోది పచ్చగా చిలుము పట్టి, పైగా వెనక్కి జారిపోయి ఉంది. బల్బు కాలు దానికి అసలు తగలట్లేదు. మా ఎలక్ట్రీషియన్ ఆ పిన్ను చూడగానే బండి ఎక్కడ పెడతారని అడిగాడు. చెరువు గట్టు మీద ఏరేటర్లకి ఎదురుగా పెడతాం, గాలి ఇటు కొడితే ఆ ఉప్పునీటి తుంపర బండి ముందు భాగం మీదే పడుతుంది. దానికి తోడు అదే చెరువు మోటారు నీళ్ళతో కుర్రాళ్ళు బండి కడుగుతున్నారు. ఆ రెండూ మాన్పించాను.

రెండు వైపులా పింగాణీ కప్లర్లు వేయించాను. కుడి వైరు కప్లర్ దగ్గర జానెడు దాకా నల్లబడి ఉంది, అంతా కోసేసి కొత్త ముక్క కలిపాడు. బల్బులు రెండూ 60/55, ఫ్యూజులు రెండూ ఎర్ర 10. బ్రైట్ వేసి నర్సాపురం దాకా వెళ్ళొచ్చి చెయ్యి పెట్టి చూశాను, కప్లర్ గోరువెచ్చగా ఉందంతే, వాసన లేదు. వెలుగు కూడా ఆ 100 వాట్ల కన్నా తక్కువేం అనిపించట్లేదు. రిలే కిట్టు ప్రస్తుతానికి అక్కర్లేదనిపిస్తోంది.

ఒక్క డౌటు మిగిలింది. పిన్నులకి మళ్ళీ చిలుము పట్టకుండా గ్రీజు పెట్టొచ్చా? మా వాడు చక్రాలకి పెట్టే గ్రీజు పూస్తానంటే వద్దన్నాను.

వైరింగ్ పని (పాలకొల్లు)

వద్దని మంచి పని చేశారు. చక్రాల గ్రీజు వేడికి కరిగి కారుతుంది, కప్లర్ దగ్గర అసలు పెట్టకూడదు. ఎలక్ట్రికల్ కాంటాక్టుల కోసం సిలికాన్ గ్రీజు చిన్న ట్యూబులో దొరుకుతుంది, దాన్ని కప్లర్ వెనక వైర్లు దూరే చోట, రబ్బరు అంచుల చుట్టూ పల్చగా రాయండి, తేమ లోపలికి పోదు. బల్బు గాజుకి మాత్రం తగలనివ్వకండి, తగిలితే స్పిరిట్‌తో తుడిచేయండి. బ్యాటరీ టెర్మినళ్ళకి వ్యాజిలీన్ చాలు. ఎర్త్ వైరు బాడీకి బిగించిన బోల్టు కూడా ఒకసారి విప్పించి, కింద రేకు తుప్పు గీకించి, మళ్ళీ బిగించాక పైన పెయింటు వేయించండి. మీ బండికి తర్వాత దెబ్బ తగిలేది అక్కడే. అప్పుడు డిమ్ వేస్తే బ్రైట్ కూడా మిణుకుమనడం, ఇండికేటరు వేస్తే హెడ్‌లైటు ఊగడం లాంటివి మొదలవుతాయి. అలా కనిపిస్తే ఫ్యూజ్ బాక్సు జోలికి పోకుండా ముందు ఆ బోల్టు చూడండి.